పైనుంచి తీసిన వాన

ఆ రోజు పొద్దున జయంతి అనుకున్న పని చాలా చిన్నది. కళ్యాణదుర్గం దగ్గర ఓ పల్లె హైస్కూల్లో ఆమె సైన్సు టీచరు. అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు తీసిన రెండు ఫోటోలు పిల్లలకు చూపించాలనుకుంది. ఒకటి ధ్రువాల దగ్గర ఆకాశంలో వేలాడే ఆకుపచ్చ వెలుగు తెర. రెండోది పొగ కక్కుతున్న అగ్నిపర్వతం. పైనుంచి చూస్తే ఆ పొగ కొండ నెత్తిన దూది పెట్టినట్టుంది. సరిగ్గా పాఠం మొదలుపెట్టేసరికి కరెంటు పోయింది. ఇంటి దగ్గరైనా చూస్తారని వాటిని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ‘పైనుంచి తీసిన ఫోటోలు’ అని రాసి ఊరుకుంది.

జూన్ సగం దాటినా ఆ ఊళ్లో చినుకు లేదు. ఎర్రనేల నెర్రెలిచ్చింది. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా తగ్గించారు. టీవీ పటాల్లో వాన పడేచోటు పచ్చగా ఉంటుందని మాత్రం అందరికీ తెలుసు. ఎరువుల అంగడి వెంకటేశులు ఆ ఫోటోల కింద తన వంతు మాట చేర్చి చుట్టుపక్కల ఊళ్లకు పంపాడు: ‘పచ్చగా ఉండేదంతా వాన. కొండమీద మబ్బు చూడండి.’

మధ్యాహ్నానికి విత్తే గొర్రులు కదిలాయి. పొడి దుక్కిలోనే వేరుశనగ విత్తనం పడసాగింది. సంగతి జయంతికి తెలిసింది. వాన రాకపోతే ఆ గింజలన్నీ చీమల పాలే. ఆమె నేరుగా అంగడికి పోయింది.

“వెంకటేశులన్నా, అది మబ్బు కాదు. కొండలోంచి వచ్చే పొగ. లోపల నిప్పుంటుంది.”

“కొండలో నిప్పుండాదా మేడమ్,” అన్నాడతను, ఫోన్ అందుకుంటూ.

ఆమె బడికి తిరిగొచ్చేసరికి ఊరి కొండ కింద ఉండే మారెక్క మేకలతో సహా వరండాలో కూర్చుని ఉంది. వెనకే ఆ వాడంతా చాపలు పరుస్తోంది.

“మన కొండకేం కాదు మారెక్కా. ఇంటికి పో.”

“నిప్పుండాదని నువ్వే చెప్పినావంట కదమ్మా. మళ్లీ ఇప్పుడు లేదంటే ఈ మేకల్ని ఎట్ల తోలుకపోవాల?”

ఇక ఒక్కరినైనా కాపాడాలని జయంతి ఊరి చివర ఆంజినప్ప చేను దగ్గరికి పరుగెత్తింది. అతను అప్పుడే ఎద్దులకు గొర్రు కడుతున్నాడు.

“ఆగన్నా. ఆ ఫోటోలో వాన లేదు.”

“లేదా మేడమ్?”

“లేదు. నీకు అబద్ధం ఎందుకు చెప్తాను?”

ఆంజినప్ప చాలాసేపు ఆకాశం వంక చూశాడు. “చదువుకున్నోళ్లు మీరు. మీ మాట ఇంటా,” అని ఎద్దుల్ని విప్పేశాడు. ఆ రాత్రి జయంతి కాస్త నిమ్మళంగా పడుకుంది.

ఆమె చెప్పింది ఫోటోలో వాన లేదని. అతనికి వినబడింది ఈ ఏడు వాన లేదని. మర్నాడే విత్తనకాయలు నూనె మిల్లుకు అమ్మేసి, భార్య నల్లమ్మను వెంటబెట్టుకుని బండల పాలిష్ పనికి తాడిపత్రి బస్సెక్కాడు.

ఆ వారంలోనే వాన పడింది. చేలు తడిసి ముద్దయ్యాయి. విత్తిన ప్రతి చేనూ మొలకెత్తింది. ఊరంతా కలిసి శాలువా పట్టుకుని బడికొచ్చింది.

“అది వాన ఫోటో కాదని ఎన్నిసార్లు చెప్పాలన్నా,” అంది జయంతి.

“మేడమ్‌కు రవ్వంత గర్వం కూడా లేదప్పా,” అంటూ వెంకటేశులు ఆమె భుజాల మీద శాలువా కప్పాడు.

గుంపు చివర ఆంజినప్ప నిలబడి ఉన్నాడు. వాన సంగతి తెలిసి వచ్చేసరికి నేలలో పదును ఆరిపోయింది. విత్తనం అప్పిచ్చేవాళ్లు కూడా లేరు. జుట్టునిండా బండల పొడి. జయంతి అతని దగ్గరికి వెళ్లింది.

“నేను చెప్పింది ఆ ఫోటో గురించేనన్నా.”

“మీరు చెప్పింది నిజమే మేడమ్. ఇంకోతూరి మాత్రం అందరికీ చెప్పిందే నాకూ చెప్పండి.”