నాలుగు వందల పన్నెండు మెసేజీలు

గడువు దాటినా పుస్తకాలు తిరిగివ్వని పాఠకులకు పదింటికల్లా మెసేజీలు పంపేసి, తీరిగ్గా టీ తాగాలని ఆ ఉదయం గ్రంథాలయాధికారి అనుకున్నాడు. నెలనెలా ఆ పని చూసే ఆపరేటరమ్మ పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టింది. "నల్ల తెర తెరిచి ఎంటర్ నొక్కండి సార్. మిగతాది నేను రాసిపెట్టిన ఆదేశాల వరుస, అదే షెల్ స్క్రిప్టు, చూసుకుంటుంది," అని ముందురోజే చెప్పి వెళ్ళింది.

తెరిచాడు. బొమ్మల్లేవు, బటన్లు లేవు, మూలన ఒక గీత మినుకుమంటోంది. ఈ కాలంలో ఈ పలకా బలపం ఏమిటనుకుని మూసేశాడు. జాబితాను ఎక్సెల్‌లో తెరిచి, చూడముచ్చటగా ఉంటుందని పుస్తకాల పేర్లను మాత్రం అక్షరక్రమంలో పెట్టాడు. పుస్తకాలు కదిలాయి, పక్క గళ్ళలోని మనుషులు కదల్లేదు. జాబితా సేవ్ చేసి, మెసేజీలు పంపే వెబ్‌సైటులోకి ఎక్కించాడు, నాలుగు వందల పన్నెండు మెసేజీలు వెళ్ళిపోయాయి.

పది నిమిషాల్లో ఫోను మోగింది. "నేను పళ్ళ డాక్టర్నండీ. 'పళ్ళు లేకపోయినా హాయిగా బతకండి' అనే పుస్తకం నేనెందుకు తీసుకెళ్తాను?"

అధికారి నోరు విప్పేలోగా కౌంటరు దగ్గరికి ఒకావిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. "ఈయన 'తేలిగ్గా విడాకులు' ఎప్పుడు తీసుకున్నారో చెప్పండి."

"నేను తీసుకుంది తోటపని పుస్తకమే మొర్రో," అన్నాడు భర్త.

ఇంతలో సెల్లుకు సొంత భార్య. "ఏమండీ, 'భర్తతో వేగడమెలా' నేను తీసుకోలేదు. ఉంటే మాత్రం సాయంత్రం పట్టుకురండి."

డాక్టరు ఇంకా లైన్లోనే ఉన్నాడు. ఆయన కుర్చీలో, నోట్లో దూదితో, ఆపరేటరమ్మే ఉందని తెలిసి అధికారి ఫోను ఆమెకిమ్మన్నాడు.

"అసలు జాబితా పాడైపోయిందమ్మా."

"రోజూ పొద్దున్నే తక్రిప్తు నకలు తీతి పెదుతుంది తార్. ఎంతర్ నొక్కంది."

అర్థమయ్యేసరికి మూడుసార్లు చెప్పించుకున్నాడు. నొక్కాడు. స్క్రిప్టులోని ఒక లైను జాబితాను వరుసలో పెట్టి పక్క లైనుకు అందించింది, అది పుస్తకాలిచ్చేసినవాళ్ళను తీసేసి ఇంకోదానికి అందించింది. ఆయన కళ్ళజోడు సరిచేసుకునేలోగా సరైన మెసేజీలు వెళ్ళిపోయాయి.

"ఇంత పని ఇందులో ఉందా?"

"పదేల్లుగా ఉంది తార్."

అయితే రెండో మెసేజీని ఎవరూ నమ్మలేదు. తమ దగ్గరున్నది ఇదేనని రుజువు చేయడానికి అందరూ పుస్తకాలు చేత్తో పట్టుకుని వచ్చారు. సాయంత్రానికి మూడు వందల తొంభై పుస్తకాలు అరల్లోకి చేరాయి. పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది: "ఒక్కరోజులో ఇన్ని ఎప్పుడూ రాలేదు. ఇకనుంచి ప్రతినెలా మీ పద్ధతే."

మర్నాడు అధికారి, బుగ్గ వాచిన ఆపరేటరమ్మ దగ్గర కాసేపు తచ్చాడాడు. "పుస్తకాల పేర్లు కావాలనే తారుమారు చేయాలంటే చాలా రోజులు పడుతుందా అమ్మా?"

"ఒక్క మాట రాస్తే చాలు సార్," అంది ఆవిడ, నిన్న తప్పుగా వెళ్ళిన జాబితా చూస్తూ. "'భర్తతో వేగడమెలా' మెసేజీ మాత్రం మళ్ళీ మీ ఇంటికే పంపమంటారా?"