రంగూను పెళ్లికొడుకు

రాయమల్లు భార్య పోయిన రోజు చర్చి సంఘం వాళ్లు ఓదార్చడానికి వచ్చి, పెరట్లోని కోళ్లన్నింటినీ కోసుకు తిని వెళ్లారు. ఓదార్పు ఎంత మిగిలిందో ఆయనకు గుర్తు లేదు. కోళ్లు మాత్రం మిగల్లేదు. ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం అదే మనుషుల పక్కన నిలబడి పాటలు పాడాడు గాని, ఒక్కరినీ క్షమించలేదు. ప్రార్థనలో క్షమించే మాట వచ్చేసరికి ఆయనకు సరిగ్గా దగ్గు వచ్చేది.

కోళ్లు పోయిన చాలా ఏళ్లకు, ఒక మంగళవారం పొద్దున ఆయన పెట్టుకున్న పని చిన్నది. గడ్డం గీసుకోవాలి. పరకాల బస్సెక్కాలి. అక్కడి నుంచి కాలినడకన ఒక పల్లెకు పోయి, మల్లక్క అనే ఆమెను చూసి, పెళ్లి ఖాయం చేసుకుని, దీపాలు పెట్టే వేళకు హనుమకొండలో ఇంటికి చేరాలి. శుక్రవారం పెళ్లి. ఆ పై వారం రంగూను ఓడ. మధ్యలో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడవలసిన అవసరం ఆయనకు కనబడలేదు.

రంగూను సంగతి ముందు చెప్పాలి. రాయమల్లు మిషను బడిలో చిన్న పిల్లలకు అక్షరాలు చెప్పే పంతులు. తాను చదివింది పల్లెటూరి బడిలో, దెబ్బలతో. యూరపులో యుద్ధం మొదలైన మరుసటి ఏడు బర్మా దేశం నుంచి మిషనుకు ఒక కబురు వచ్చింది. కూలీలను కూడగట్టే మేస్త్రీలు తెలుగు పల్లెల్లోకి వచ్చి, పెళ్లి చేసుకుంటామని నమ్మించి, ఆడపిల్లలను ఓడ ఎక్కించి, రంగూనులో దిగగానే అమ్మేస్తున్నారు. తప్పించుకున్న వాళ్ల కోసం అక్కడ ఆశ్రమం తెరిచారు. వాళ్ల భాష తెలిసిన మనిషి ఒకరు కావాలి. ఎవరు పోతారని పాస్టరుగారు ఆరాధనలో అడిగితే, రాయమల్లు లేచి నిలబడ్డాడు.

దేవుడు పిలిచాడని అందరూ అనుకున్నారు. ఆయన లెక్క వేరు. తాను సముద్రం దాటితే తప్ప తన విలువ ఈ మనుషులకు తెలియదు. స్టేషనులో రైలు కదులుతుంటే కోళ్లు తిన్న వాళ్లంతా వరసగా నిలబడి ఏడవాలి. తాను కిటికీలోంచి చూడాలి. చెయ్యి మాత్రం ఊపకూడదు. ఇంతవరకు ఆయన చాలాసార్లు ఊహించి పెట్టుకున్నాడు. రేకు పెట్టె కూడా కొన్నాడు.

బయలుదేరేలోపు మన పల్లెలను కూడా హెచ్చరించమని మిషను వారు చెబితే, ఆయన ఒక పాఠం కట్టాడు. రంగూను మేస్త్రీని ఎట్లా గుర్తుపట్టాలి, పట్టి ఏం చేయాలి అన్నది పాఠం. ఊళ్లు తిరగడం ఆయనకు పడదు, ఊళ్లలో మనుషులుంటారు. అందుకని పాఠాన్ని మొగిలమ్మకు నేర్పాడు. మొగిలమ్మ పల్లెల్లో వాక్యం చెబుతూ తిరిగే పెద్దావిడ. ఆమె దాన్ని పరకాల చుట్టుపక్కల వాడవాడనా ఆడవాళ్లకు కంఠతా పట్టించింది. పాఠం చివర రాయమల్లు ఒక మాట తన సొంతంగా చేర్చాడు. పట్టుబడ్డవాడు దేవుడి పేరు ఎత్తితే ఇంకో ముడి వేయాలి. ఆ మాట ఆయనకే బాగా నచ్చింది.

అంతా సిద్ధమయ్యాక పాస్టరుగారు ఇంటికొచ్చి కూర్చున్నారు.

"ఒంటి మొగోణ్ని ఆడోళ్ల ఆశ్రమంల పెట్టరంట, రాయమల్లూ. భార్య ఉండాలె అంటున్నరు."

"ఉండె."

"ఇప్పుడు ఉండాలంటున్నరయ్యా."

రాయమల్లు రెండు రోజులు అలిగాడు. రైలు కిటికీ గుర్తొచ్చినప్పుడల్లా అలక కొంచెం తగ్గింది. చివరికి, ఎవరైనా సరే, మాట్లాడని మనిషైతే చాలునన్నాడు. మొగిలమ్మ మల్లక్క పేరు చెప్పింది. చిన్న వయసులోనే భర్త పోతే అన్న ఇంట్లో ఉంటోందనీ, గట్టి మనిషనీ చెప్పి, ముందుగా ఒక బండివాడితో కబురు పంపింది. ఆ బండివాడు మిరపకాయల బస్తాలు దింపుతూ వరంగల్లులోనే ఆగిపోయాడు. ఆ సంగతి రాయమల్లుకు తెలియదు.

మంగళవారం ఆయన గుమ్మం దాటుతుండగా పాస్టరుగారి భార్య ఎదురొచ్చి, కొత్త కండువా ఒకటి భుజాన వేసింది. చేతిలో బెల్లం, గాజులు పెట్టింది. ఇవెందుకని ఆయన విసుక్కున్నాడు. ఉత్త చేతులతో పెళ్లికొడుకు పోతే బాగుండదని ఆమె ఒప్పించింది. పరకాలలో బస్సు దిగి, పొలాల గట్లమీదుగా నడిచి, ఆయన పల్లె చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

మల్లక్క అన్న యాకయ్య వాకిట్లో నాగలి చెక్కుతున్నాడు. ఎవరు కావాలని అడిగాడు. మల్లక్కను చేసుకుందామని వచ్చానన్నాడు రాయమల్లు. యాకయ్య ఉలి పక్కన పెట్టి, కొత్త కండువాను కొసదాకా చూశాడు. మంచం వాల్చి, మంచినీళ్లిచ్చాడు.

"కట్నం ఏమడుగుతవన్నా?"

"ఏం వద్దు."

"మా ఇంటి ముచ్చట, పిల్ల ముచ్చట ఏమన్న అడుగుతవా?"

"ఏం అడగ."

"నీకెవలున్నరు?"

"ఎవలు లేరు."

"లగ్గం ఎప్పుడంటవ్ మరి?"

"శుక్రారం."

"అటెన్క?"

"రంగూను."

ఒక్క మాట వృథా కాకుండా సంబంధం కుదిరిపోయిందని రాయమల్లు లోపల సంతోషించాడు. మొదటి పెళ్లికి మూడు పూటలు వాదించారు. యాకయ్య నిదానంగా లేచి, దడి తలుపు మూసి, లోపలికి కేకేశాడు. మజ్జిగ తెమ్మన్నంత నెమ్మదిగా అన్నాడు.

"మల్లా, ఎడ్ల తాడు తే."

ఆ తర్వాత జరిగినదంతా పాఠంలో ఉన్నట్టే జరిగింది. రాయమల్లును పశువుల కొట్టంలో గుంజకు కట్టారు. వాడలోని ఆడవాళ్లందరూ పని వదిలి వచ్చారు. వాళ్లలో పెద్దది చిలుకమ్మ. ఆమె ముందుకొచ్చి వేళ్లు మడుస్తూ గుర్తులు చదివింది. కొత్త కండువా ఉంటుందంటే ఉందన్నారు. బెల్లం, గాజులు తెస్తాడంటే తెచ్చాడన్నారు. కట్నం వద్దంటాడంటే అన్నాడని యాకయ్య సాక్ష్యం చెప్పాడు. తనకెవరూ లేరంటాడు, ఓడ పేరు ఎత్తుతాడు. అవీ కుదిరాయి. అక్కడ చిలుకమ్మ ఆగిపోయింది. ఇంకొకటేదో ఉండాలి, గుర్తు రావడం లేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రాయమల్లు జీవితమంతా పిల్లలకు పాఠం ఒప్పజెప్పించిన మనిషి. మధ్యలో ఆగిన పాఠాన్ని ఆయన భరించలేడు.

"తొందర పెడతడు," అన్నాడు.

"ఆఁ, తొందర పెడతడు," అన్నారు అందరూ, పెద్ద బరువు దిగినట్టు.

అప్పుడు గాని ఆయనకు తన స్థితి పూర్తిగా అర్థం కాలేదు. తాను మిషను మనిషినని, ఏసుప్రభువు సాక్షిగా నిజమే చెబుతున్నానని అన్నాడు.

"దేవుని పేరెత్తిండు," అంది చిలుకమ్మ. "ఇంకో ముడెయ్యుర్రి."

ముడి వేశారు. ఆ ముడి బిగువు తెలిసిన మీదట ఆయనకు తన సొంత వాక్యం మీద మోజు కొంత తగ్గింది. ఇక ఒక్కటే దారి. ఈ పాఠం కట్టింది తానేనని చెప్పి, రుజువుగా మొదటి నుంచి చివరి దాకా గడగడా అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు. అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. చిలుకమ్మ చెంపలు వేసుకుంది.

"ఎన్ని ఊర్లల్ల దొరికిండో. మొత్తం నోటికొచ్చింది దొంగకు."

పోలీస్ పటేలు కిషన్ రావు సాయంత్రం వచ్చాడు. ఆయనకు నిదానం ఎక్కువ. కుర్చీ వేయించుకుని, సాక్ష్యం చూపించమన్నాడు. బెల్లం చూపించారు. కొంచెం విరిచి నోట్లో వేసుకున్నాడు. ఖైదీని నాలుగు ప్రశ్నలు అడిగి, మధ్యమధ్యలో సాక్ష్యాన్ని మళ్లీ పరిశీలించాడు. సాక్ష్యం అయిపోయాక, పరకాల ఠాణాకు పంపేముందు మొగిలమ్మను పిలిపించి చూపిద్దామన్నాడు.

"జర ఓపిక పట్టు. ఆమె నిన్ను ఎరుకపడితే ఇడిచిపెడతం. లేకుంటే జైలు. ఫికర్ జెయ్యకు, రెండిట్ల ఏదో ఒకటైతది."

అందరూ వెళ్లాక మల్లక్క చెంబుతో నీళ్లు తెచ్చింది. అంతసేపూ ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడని మనిషే కావాలని తాను కోరిన సంగతి రాయమల్లుకు గుర్తొచ్చింది. ఆమె నీళ్లు తాగించి, ఎడంగా కూర్చుంది.

"మా చెల్లెను గూడ గిట్లనే తోల్కపోయిండొకడు," అంది. "గిదే తీరు కండువ. వారంల లగ్గం. దాని పేరు కొమురమ్మ. ఎడమ చెయ్యి మీద పచ్చబొట్టుంటది. అది ఏడున్నదో చెప్పు. నిన్ను నేనే ఇప్పి తోలిస్త, మావోళ్లకు నేను చెప్పుకుంట."

గుర్తులన్నీ రాయమల్లు ఎక్కాల్లాగా వరసపెట్టి కట్టాడు. రంగూను గురించి నెలల తరబడి ఆలోచించాడు. ఆ ఆలోచనలో రైలు ఉంది, కిటికీ ఉంది, ప్లాటుఫారం మీద ఏడ్చేవాళ్లున్నారు. సముద్రం అవతల ఎవరున్నారన్నది ఒక్కసారైనా అనుకోలేదు.

"నాకెర్క లేదు బిడ్డా," అన్నాడు.

ఆయన అంతకు ముందు ఎవరినీ బిడ్డా అనలేదు. పెళ్లి చూపులకు వచ్చి అనవలసిన మాట కూడా కాదది. సంబంధం అక్కడికక్కడే తెగిపోయింది. ఆ సంగతి మల్లక్కకు వెంటనే తెలిసింది, ఆయనకు ఇంటికి పోయాక తెలిసింది.

మొగిలమ్మ మరునాడు మధ్యాహ్నానికి చేరింది. కొట్టంలోకి వంగి చూసి, కొంగుతో కళ్లొత్తుకుంది. తన అవస్థకు ఏడుస్తోందని రాయమల్లు అనుకున్నాడు. ఆమె ఏడుస్తున్నది ఆనందంతో. అన్ని ఊళ్లలో చెప్పిన పాఠం ఒక ఊళ్లోనైనా ఇట్లా ఫలించినందుకు. ఎట్లా పట్టారో మొదటి నుంచి చెప్పమంది. మళ్లీ వేళ్లు మడిచారు, మళ్లీ గుర్తులు చదివారు. ఈసారి తొందర పెట్టే గుర్తు ఎవరూ మరిచిపోలేదు. అంతా విని, చేతులు ముందుకు కట్టారేమిటి, వెనక్కి కదా కట్టమన్నాను అని ఒక్క తప్పు ఎంచింది. అప్పుడు గాని ఈయన ఎవరో చెప్పలేదు.

యాకయ్య ముడులు విప్పుతూ తప్పయిందన్నాడు. చిలుకమ్మ మాత్రం ఒప్పుకోలేదు. గుర్తులన్నీ కుదిరినాక మనిషి ఎవరైతేనేమని ఆమె వాదం. రాయమల్లు మణికట్లు రుద్దుకుంటూ, ఇక పెళ్లి సంగతి తేల్చమన్నట్టు మొగిలమ్మ వైపు చూశాడు. మొగిలమ్మ మల్లక్కను పక్కకు పిలిచి, ఆశ్రమం సంగతి, ఓడ సంగతి చెప్పి, నువ్వేమంటావని అడిగింది.

"రంగూను పోత," అంది మల్లక్క. "ఈ పెద్దమనిషి తోటి కాదు."

మిషనులో ఒంటి మగవాణ్ణి పంపకూడదన్న నియమం ఉంది గాని, ఒంటి ఆడమనిషి గురించి ఏ నియమమూ లేదు. పైగా దవాఖానలో పనిచేసే దొరసాని ఒకామె అదే ఓడలో పోతోంది. రాయమల్లు పాస్టరుగారి దగ్గరికి పోయి గట్టిగానే కొట్లాడాడు. పాఠం కట్టింది తానన్నాడు, రేకు పెట్టె కూడా కొన్నానన్నాడు.

"పాఠం నీదేనయ్యా, కాదంటలేను," అన్నారు పాస్టరుగారు. "అక్షరాలు అక్కడి దొరసాని చెప్పుకుంటదట. ఏడ్సుకుంట వచ్చినదాన్ని పట్టుకొని కూసోవాలె, ఊరు పేరు అడిగి తెలుసుకోవాలె. నీతోటి అయితదా?"

రాయమల్లు తన మణికట్ల మీది తాడు గీతలు చూసుకున్నాడు.

"కాదు," అన్నాడు.

రేకు పెట్టె మల్లక్కకే ఇచ్చేశాడు. ఇచ్చానని ఎవరికీ చెప్పొద్దన్నాడు, అందరూ చూస్తుండగా తానే మోసుకొచ్చి రైల్లో పెట్టాడు. వరంగల్లు స్టేషనుకు సంఘమంతా వచ్చింది. మల్లక్క ఆ సంఘానికి తెలిసి పది రోజులు కాలేదు. రైలు కదలగానే అందరూ ఏడ్చారు. ఆమె కిటికీ దగ్గరే కూర్చుంది గాని వెనక్కి చూడలేదు. రైలు పోయే వైపే చూస్తూ కూర్చుంది. పక్కన నిలబడ్డాయన రుమాలు ఇవ్వబోతే గాని, ఏడుస్తున్న వాళ్లలో తానూ ఉన్నట్టు రాయమల్లు గమనించలేదు. ఇవ్వబోయినవాడు అప్పట్లో కోడి కాళ్లు తిన్న మనిషి. రాయమల్లు రుమాలు తీసుకోలేదు.

ఆ వారంలోనే మొగిలమ్మ బడికి వచ్చింది. ఉత్త పాఠం వినడానికి ఊళ్లలో ఎవరూ కూర్చోవడం లేదట. రంగూను పెళ్లికొడుకు దొరికిన సంగతి అందరికీ తెలిసిపోయిందట. ఆయన్ను ఒకసారి చూపిస్తే పాఠం బాగా నాటుకుంటుందని ఆమె అంది. కండువా ఉంది కాబట్టి వేరే ఖర్చు కూడా లేదట.

రాయమల్లు బలపం కింద పెట్టాడు.

"అక్కా, ఆ ముచ్చట గురించి ఈ జిందగీల మల్ల నోరు ఇప్ప."

"ఇప్పమని ఎవలన్నరు తమ్మీ?" అంది మొగిలమ్మ. "కట్టేసినంక నీకు మాటలే లేవు."

రాయమల్లు మాట మీద నిలబడ్డాడు. ఆ చలికాలమంతా పరకాల చుట్టూ ఊరూరా గుంజకు కట్టించుకున్నాడు గాని, ఆ సంగతి గురించి మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.