పద్నాలుగో సూచన

పదింటికల్లా పుస్తకం తయారు, పదకొండుకల్లా గ్రంథాలయానికి చేరవేత, పన్నెండుకి నింపాదిగా భోజనం. ఆ ఉదయం ప్రోగ్రామరు వేసుకున్న పథకం ఇది. పుస్తకాల ఇచ్చిపుచ్చుకోలు చూసుకునే సాఫ్ట్‌వేరు అతను ఒంటిచేత్తో రాశాడు. వాడేవాళ్ళకి సూచనల పుస్తకం కూడా ఇవాళే ఇవ్వాలి. ఇస్తే ఉద్యోగం పర్మనెంటు, లేదంటే నెలాఖరుకి ఇంటికే.

"ఒక్కపూటలో రెండొందల పేజీలు ఎలా రాస్తావోయ్?" అన్నాడు మేనేజరు.

"రాయడం దేనికి సార్? కోడ్ మధ్యలో మన గుర్తు కోసం కామెంట్లు రాసుకుంటాం కదా! అవన్నీ ఏరి, పెద్దమనిషి భాషలోకి మార్చి, పుస్తకంగా కూర్చే ప్రోగ్రాం చేశాను. మీట నొక్కడమే ఆలస్యం."

"అయితే రచయితగా నా పేరు వెయ్యి. అట్ట నిండుగా ఉంటుంది."

అతనికి ఒళ్ళు మండింది. కానీ పర్మనెంటు ఉత్తర్వు మీద సంతకం చేసేది ఆ చెయ్యే. పేరు వేశాడు, మీట నొక్కాడు, వచ్చినదాన్ని వచ్చినట్టే పంపేశాడు. మెషీను ఎలాగూ చదవదు కదా అని కామెంట్లలో ఏడాదిగా తోచిందల్లా రాసుకున్న సంగతి అతనికి గుర్తే రాలేదు. తన ప్రోగ్రాం మీద అంత ధీమా మరి.

మూడింటికి గ్రంథాలయాధికారిణి మేనేజరుకి ఫోన్ చేసింది. ముందుమాట నుంచి తప్పొప్పుల పట్టిక దాకా అక్షరం వదలని మనిషి ఆవిడ.

"ఏడో సూచనలో 'ఇది ఎట్లు పనిచేయుచున్నదో తెలియదు, కదిలించరాదు' అని ఉందండీ. మావాళ్ళు భయపడి కంప్యూటరు బల్ల కూడా జరపడం లేదు. ఊడ్చే ఆవిడ దాని చుట్టూ తిరిగి ఊడుస్తోంది."

మేనేజరు పుస్తకం తెరవకుండానే, "ప్రతి ముక్కా నేనే ఆలోచించి రాశానమ్మా. తు.చ. తప్పకుండా పాటించండి" అన్నాడు.

పక్కనే నిలబడి స్పీకరులో అంతా విన్న ప్రోగ్రామరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. సీటుకి పరుగెత్తి పేజీలు తిప్పాడు. తొమ్మిదో సూచన: 'ఈ భాగము మేనేజరు పట్టుబట్టి పెట్టించినది. ఎందుకో వారికిని తెలియదు.' పద్నాలుగోది చూసి కళ్ళు మూసుకున్నాడు.

ఐదింటికి ఆవిడే స్వయంగా వచ్చింది. చేతిలో రెండు పాల ప్యాకెట్లు, చంకలో ఆ పుస్తకం.

"పద్నాలుగో సూచన అండీ. 'సాయంత్రము తప్పక రెండు ప్యాకెట్ల పాలు తేవలెను. మరచినచో ఇంట అడుగు పెట్టనీయరు.' తెచ్చాం. ఎక్కడ పొయ్యాలి?"

మేనేజరు పుస్తకం లాక్కుని చూశాడు. తొమ్మిదోది దగ్గరికి వచ్చేసరికి మొహం కందగడ్డయింది. "ఇది నాది కాదమ్మా! ప్రతి అక్షరం వీడిదే!" అంటూ కలం తీసి, అట్ట మీద తన పేరు కొట్టేసి, అతని పేరు రాసి, పక్కన సంతకం కూడా చేశాడు.

"అమ్మయ్య!" అందావిడ. "ముప్పయ్యేళ్ళుగా ఇలాంటి పుస్తకాలు చదువుతున్నాను. తెలియనిది తెలియదని ఒప్పుకున్నది ఇదొక్కటే. తొమ్మిదో సూచన చదివి ఆ భాగం ఆపేశాం, పని చకచకా సాగుతోంది. మిగతా మూడు శాఖలకీ మీ సాఫ్ట్‌వేరే తీసుకుంటాం. కానీ ఈ అబ్బాయే చూసుకోవాలి."

మేనేజరు కొట్టేసిన తన పేరు వైపు చాలాసేపు చూశాడు. పర్మనెంటు ఉత్తర్వు మీద సంతకం కూడా ఆ కలంతోనే పడింది. ప్రోగ్రామరు ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ఇంటి దగ్గర తలుపు తీసిన భార్య అతని చేతిలో ఆ పాల ప్యాకెట్లు చూసి తెల్లబోయింది. "ఇవాళ గుర్తుపెట్టుకున్నారే!"

అతను జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, ప్యాకెట్లు అందుకుని, "రేపటి కామెంట్లో కూరగాయలు కూడా రాయండి" అంది.