ఎవరూ కదలని వీడియో

త్రినాథ్ ఆ ఉదయం మహా ధీమాగా ఉన్నాడు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో తాను చేస్తున్న పరిశోధన చీపురుపల్లిలో తన ఇంటి ముందే రుజువు కాబోతోంది. వీధి స్తంభానికి కట్టిన చిన్న కెమెరాకు తెలివీ తక్కువే, ఖర్చూ తక్కువే. అది అప్పుడొకటి, ఇప్పుడొకటి ఫొటో పంపుతుంది. మధ్యలో ఏది ఎటు కదిలిందో కంప్యూటరే ఊహించి వీడియో అల్లేస్తుంది. గైడు జగన్నాథం మాస్టారు వచ్చి చూసి సరేనంటే థీసిస్ ఇచ్చేయొచ్చు. లేదంటే ఇంకో ఏడాది గోళ్ళు గిల్లుకోవడమే.

వీధికి ఇటు అరుగు మీద నాన్న గణపతిరావు, అటు అరుగు మీద మేనమామ కూర్మయ్య. మురుగుకాలువ తగాదాతో ఇద్దరికీ మాటల్లేవు. ముందు అవతలి గడప తొక్కినవాడు ఓడినట్టేనని పంతం. ఇద్దరివీ బట్టతలలే, ఇద్దరూ కట్టినవీ రాజాంలో కొన్న నీలం గళ్ళ లుంగీలే. చచ్చినా కదలని మనుషులు! ఇంతకంటే తేలిక వీడియో ఏముంటుందని త్రినాథ్ మురిసిపోయాడు.

మాస్టారి కారు వస్తూనే హారన్ కొట్టింది. అంతే! గణపతిరావు దూడ బెదిరి తాడు తెంపుకుని కూర్మయ్య పెరట్లో దూరింది. కూర్మయ్య మేక వెళ్ళి గణపతిరావు పెరట్లో పడింది. "ఒరే, నా దూడ!" "ఓలమ్మో, నా మేక!" అంటూ ఇద్దరూ వీధికి అడ్డంపడి పరుగెత్తారు. అప్పుడే కారు దిగిన మాస్టారి కాలు మధ్యలో నలిగింది. కళ్ళు మూసి తెరిచేసరికి ఎవరికి వారు అవతలివాడి గడప మీద ఉన్నారు.

"నువ్వే ముందు తొక్కినావు!" అన్నాడు గణపతిరావు.

"నాను కాదు, నువ్వే!"

త్రినాథ్ తల్లి తవిటమ్మకు చిర్రెత్తింది. "ఆపండెహె! కెమేరా ఉన్నాది కాదేటి? అందులో సూడండి."

ఎవరి గడపా తొక్కకుండా కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టారు. వీడియోలో ఇద్దరూ ఎవరి వైపు వాళ్ళు కొండల్లా ఉన్నారు. త్రినాథ్ కెమెరా పంపిన అసలు ఫొటోలు తీసి చూశాడు. మొదటి ఫొటోలో ఇటొక బట్టతల, అటొక బట్టతల. తర్వాతి ఫొటోలోనూ అంతే. మనుషులు తారుమారయ్యారని తెలియక, ఎవరూ కదల్లేదని కంప్యూటర్ తేల్చేసింది.

"సూసినావా, నాను కదల్నేదు!" అన్నాడు గణపతిరావు.

"నాను మాత్రం కదిలినానేటి, బావా?" అన్నాడు కూర్మయ్య. ఆ నోట "బావా" విని తవిటమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మరి నా కాలు తొక్కిందెవరండీ?" అన్నారు మాస్టారు. "త్రినాథ్, నీ వీడియో నిజమా, నా కాలు నిజమా?"

త్రినాథ్ వాచిన ఆ బొటనవేలి వైపు చూశాడు. థీసిస్ మీద ఆశ వదిలేసుకున్నాడు. "కాలే నిజం సార్. వీడియో తప్పు. ఒకేలా ఉన్న ఇద్దర్ని నా ప్రోగ్రాం పోల్చుకోలేదు."

"నోర్ముయ్ రా! సదివినావు గానీ నీకేటి తెలుసు?" అని తండ్రి విరుచుకుపడ్డాడు.

"అవును బావా, ఈడికి బుర్ర నేదు. వీడియో కరెష్టు!" అన్నాడు మేనమామ.

మాస్టారు కాలు రుద్దుకుంటూనే నవ్వేశారు. "తప్పెక్కడుందో పట్టుకున్నావు, అది చాలు. ఆ సంగతీ రాసి థీసిస్ ఇచ్చెయ్."

త్రినాథ్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఈలోగా పెద్దలిద్దరూ ఒకే అరుగు మీద చేరి, టీ తాగుతూ, వీడు ఎందుకూ పనికిరాడని కలిసికట్టుగా తీర్మానిస్తున్నారు. ముందు ఎవరు ఎవరి గడప తొక్కి అక్కడికి చేరారో తేలకుండా, కెమెరాను త్రినాథ్ అప్పటికే ఆపేశాడు.