ఏడు నగరాలు, ఒకటే బీట

“నా మేధస్సు ఈ ఊరికి ఒక రోజు అక్కరకొస్తుందని నాకు ముందే తెలుసు,” అని ప్రకటించాడు భూతద్దం, లైబ్రరీ కుర్చీ ఎక్కి నిలబడి. “ఊరికే ఆలస్యంగా తెలిసింది.”

ఆ సమయానికి లైబ్రరీ బయట రోడ్డు మీద నలభై ఎనిమిది కుటుంబాలు నిలబడి ఉన్నాయి. పరుపులు, కుక్కర్లు, ఒక చేపల తొట్టి, రెండు కుట్టుమిషన్లు కిందికి దిగొచ్చేశాయి. ఐదో అంతస్తు ఆయన సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతోనే వచ్చేశాడు. అందరూ మెడలెత్తి ఎదురుగా ఉన్న పన్నెండంతస్తుల బిల్డింగు ఎప్పుడు కూలుతుందా అని చూస్తున్నారు. దానికి మాత్రం అలాంటి ఉద్దేశం ఉన్నట్టు కనపడటం లేదు.

కుర్చీ నాది. అంటే లైబ్రరీది, నేను లైబ్రేరియన్ని. భూతద్దం నాకు ఒకటో తరగతి నుంచి స్నేహితుడు. ఈ సంగతి నాకై నేను ఎవరికీ చెప్పను. అడిగితే ఒప్పుకుంటాను.

అతని వృత్తి వాచీల రిపేరు. కంటికి తగిలించుకునే ఆ చిన్న అద్దం తీయడం మరిచిపోయి పెళ్లిళ్లక్కూడా వెళ్లిపోవడం వల్ల ఆ పేరొచ్చింది. ప్రవృత్తి అపరాధ పరిశోధన. ఇప్పటిదాకా పదకొండు కేసులు చేపట్టాడు. పదకొండింటిలోనూ పోయిన వస్తువు మంచం కిందో, పక్కింటివాళ్ల దగ్గరో దానంతటదే దొరికింది. దోషి పేరు పైకి చెప్పే అవకాశం ఒక్కసారి కూడా రాలేదు. ఆ కొరత అతన్ని లోపల తినేస్తోంది.

కేసు ఉన్న రోజున అతనికి మీసం ఉంటుంది. కేసు లేని రోజున ఉండదు. నాటకాల సామాను అమ్మే కొట్లో కొన్న గుబురు మీసం అది. మారువేషం అంటాడు. ఎవరూ గుర్తుపట్టరు అంటాడు. రోడ్డు మీద ఎదురైనవాళ్లు “ఏం భూతద్దం, కేసా?” అని అడిగి వెళ్లిపోతుంటారు.

ఆ రోజు పొద్దున పదింటికి మా పెద్దమ్మ ఫొటోల ప్రదర్శన మొదలైంది. పెద్దమ్మ రిటైరైన డ్రాయింగ్ టీచరు. పోయిన పెదనాన్న వాడిన పాత రీలు కెమెరా మెడలో వేసుకుని, నలభై రోజుల్లో ఏడు నగరాలు తిరిగొచ్చింది. ప్రతి నగరంలోనూ ఒక పాత కట్టడం, ఒక కొత్త కట్టడం తీసింది. కోట గుమ్మం పక్కన అద్దాల టవరు, గుమ్మటం పక్కన మెట్రో స్టేషను. అలా జంటలు జంటలుగా పెద్దవి చేయించి హాల్లో వేలాడదీశాం. ఇంటికొచ్చాక రీలులో ఒక్క బొమ్మ మిగిలిపోతే, వృథా ఎందుకని లైబ్రరీకి ఎదురుగా ఉన్న బిల్డింగు కూడా తీసింది. దాన్ని చివర పెట్టాం.

ఆ బిల్డింగు కట్టింది మా బావ. మా అక్క మొగుడు. ఇంజనీరు.

పదింబావుకి భూతద్దం వచ్చాడు. కంటికి అద్దం తగిలించుకుని చివరి ఫొటోకి ముక్కు ఆనించి, ఐదు నిమిషాలు కదల్లేదు. తర్వాత బయటికెళ్లాడు. వెళ్లి, రోడ్డు మధ్యలో నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, “బిల్డింగు బీట వారింది, అందరూ దిగండి,” అన్నాడు. ఆ తర్వాత జేబులోంచి మీసం తీసి పెట్టుకున్నాడు.

బీట నిజంగానే ఉంది. ఫొటోలో. నేల దగ్గర మొదలై, మూడు చోట్ల వంకర తిరిగి, మూడో అంతస్తు దాకా నల్లగా పాకింది.

గోడ మీద మాత్రం లేదు. బావ నిచ్చెన వేసుకుని వేలితో తడిమి మరీ చూశాడు. కానీ ఫొటో తీసిన మూడో రోజునే బిల్డింగుకి కొత్త రంగు వేశారు. వేయించింది బావే.

“అదే మేమూ అడిగేది,” అంది అపార్టుమెంటు సంఘం ప్రెసిడెంటమ్మ, లైబ్రరీ లోపలికొచ్చి. “అంత హడావిడిగా రంగెందుకు వేశారండీ?”

“మీరేగా వేయమన్నారు. రెండు మీటింగులు పెట్టి మరీ తిట్టారు.”

“మేం తిడతాం. మీరు వేస్తారనుకున్నామా?”

“అమ్మా, నేనూ అందులోనే కాపురం ఉంటున్నాను. మూడో అంతస్తు.”

“బీట కూడా సరిగ్గా మూడో అంతస్తు దాకే వచ్చింది,” అన్నాడు భూతద్దం. “యాదృచ్ఛికం అనే మాట నా నిఘంటువులో లేదు.”

“నీ దగ్గరున్న నిఘంటువు మా లైబ్రరీది,” అన్నాను. “రెండేళ్లయింది. తెచ్చివ్వు.”

మధ్యాహ్నం రెండింటికి మునిసిపల్ తనిఖీ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, నిదానస్తుడు. నా బల్ల మీద ఒక సీలు, లక్క కడ్డీ, కొవ్వొత్తి వరసగా పేర్చుకున్నాడు. ఫొటో చూశాడు. గోడ చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు.

“గోడంతా గీకి చూడాలంటే మూడు నెలలు,” అన్నాడు. “అందాకా లోపల మనుషులుండటానికి వీల్లేదు. ఐదింటికి సీలు వేస్తాను. ఇంజనీరుగారి లైసెన్సు నా దగ్గర ఉంచండి.”

బావ జేబులోంచి లైసెన్సు తీసి ఇచ్చాడు. ఇరవై రెండేళ్లుగా దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. అక్క రోడ్డు అవతల పరుపు చుట్ట మీద కూర్చుని, ఆయన వైపు చూడకుండా చూస్తోంది.

టైము మూడున్నర. భూతద్దం కుర్చీ ఎక్కింది ఇప్పుడే.

“ఇది మామూలు బీట కాదు,” అన్నాడు. “దీని వెనక ఒక చెయ్యి ఉంది. ఆ చేతికి ఒక మనిషి ఉన్నాడు. ఐదింటిలోగా ఆ మనిషి పేరు చెబుతాను.”

“దిగు ముందు. ఆ కుర్చీకి ఒక కాలు వదులు,” అన్నాను.

దిగాడు. దిగుతూ దిగుతూ తూలి, పక్కనున్న కోట గుమ్మం ఫొటో మీద పడ్డాడు. పడ్డవాడు లేవలేదు. కంటికి అద్దం తగిలించుకున్నాడు.

“లైబ్రరీ,” అన్నాడు మెల్లగా. నన్నలాగే పిలుస్తాడు. “ఇక్కడా ఉంది.”

వెళ్లి చూశాను. నాలుగు వందల ఏళ్ల కోట గుమ్మం మీద అదే బీట. నేల దగ్గర మొదలైంది. మూడు వంకరలు.

పక్కన అద్దాల టవరు. అదే బీట. గుమ్మటం, అదే బీట. రైల్వే స్టేషను, అదే బీట. భూతద్దం మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో ఫొటో దాటుతున్నాడు. అధికారి చేతులు వెనక్కి కట్టుకుని అతని వెంట నడుస్తున్నాడు. బావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన మొహంలో పొద్దుట్నించి లేని రంగేదో కొద్దిగా వస్తోంది.

“ఏడు నగరాలు,” అన్నాడు భూతద్దం లేచి, మోకాళ్లు దులుపుకుని. “ఒకటే పనితనం. ఒకటే ముఠా.”

“ఆ కోటకి నాలుగు వందల ఏళ్లు,” అన్నాడు అధికారి.

“వంశపారంపర్య ముఠా. తాతలు కోటలు బీటలు వారిస్తే, మనవలు టవర్ల మీద పడ్డారు.”

“మరి ఇదేంటి?” అన్నాను, వంతెన ఫొటో చూపిస్తూ. అది అడ్డంగా తీసిన ఫొటో. అందులో బీట నేల నుంచి లేవలేదు. ఎడమ పక్క నుంచి, గాల్లో మొదలై, ఖాళీ ఆకాశంలోంచి అడ్డంగా వెళ్లి వంతెన స్తంభం దగ్గర ఆగింది.

భూతద్దం కంటి అద్దాన్ని ఒకసారి తుడిచి మళ్లీ తగిలించుకున్నాడు.

“గాలి కూడా బీట వారింది,” అన్నాడు చివరికి. “నేననుకున్న దానికన్నా పెద్ద ముఠా.”

పెద్దమ్మ అప్పటిదాకా మూల కుర్చీలో కూర్చుని ఉంది. “నేనవి కరెంటు తీగలనుకున్నానురా,” అంది నాతో. “ఊరికో తీగ ఉండటం మామూలే కదా అని ఊరుకున్నాను. నా ఒక్క ఫొటో మూలాన ఇంతమంది రోడ్డున పడ్డారు. మీ అక్క మొహం ఎలా చూడను?”

“మీరు బాధపడకండి పెద్దమ్మగారూ,” అన్నాడు భూతద్దం. “ఏడు నగరాల్లోనూ దోషిని కళ్లారా చూసిన సాక్షి ఒకటుంది. దాన్ని ప్రశ్నించాలి. కెమెరా ఇలా ఇవ్వండి.”

“మళ్లీనా?” అంది పెద్దమ్మ. “ప్రయాణానికి ముందు రోజు తనిఖీ అని వచ్చి టూత్‌పేస్టు పిండి చూశావు, గొడుగు పిడి ఊడదీశావు, కెమెరా తెరిచి ముక్కు దూర్చి వాసన చూశావు. గొడుగు ఇప్పటికీ మూసుకోదు.”

“అప్పుడది మీ భద్రత కోసం. ఇప్పుడిది న్యాయం కోసం.”

టైము నాలుగుంబావు. అధికారి కొవ్వొత్తి వెలిగించాడు. లక్క మెత్తబడటానికి టైము పడుతుందన్నాడు.

భూతద్దం కెమెరాని నా బల్ల మీద పెట్టి, దాని ముందు కూర్చున్నాడు. “రీలు లేదుగా?” అని అడిగాడు. లేదంది పెద్దమ్మ. వెనక తలుపు తెరిచాడు. కంటికి అద్దం తగిలించుకుని మొహమంతా కెమెరాలోకి వంచాడు. హాల్లో జనం, వేడి, పక్కన కొవ్వొత్తి. పొద్దుట్నించి చెమటలో నానిన జిగురు అక్కడితో రుణం తీర్చుకుంది. మీసం ఊడి కెమెరాలో పడింది.

అధికారి కొవ్వొత్తిని కొంచెం పక్కకి జరిపాడు.

“ఇది పరిశోధనలో భాగం,” అన్నాడు భూతద్దం.

“ముందు దాన్ని తీయవయ్యా,” అంది పెద్దమ్మ. “మీ పెదనాన్న కెమెరా అది.”

జేబులోంచి వాచీల పట్టకారు తీసి, మీసాన్ని ఒడుపుగా పైకి లేపాడు. ఆ విద్యలో అతనికి తిరుగులేదు, ఆ మాట చెప్పుకోవాలి. మీసం తీసి మళ్లీ పెట్టుకున్నాడు. కంగారులో సగమే అతుక్కుంది. మళ్లీ కెమెరాలోకి వంగి, ఈసారి ఆగిపోయాడు.

“ఇంకోటుంది,” అన్నాడు.

రీలు ఆనుకునే చిన్న కిటికీ అంచున ఒకే ఒక వెంట్రుక. దుమ్ము పట్టి, అంచుకి అతుక్కుపోయి ఉంది. ఇప్పుడు పడింది కాదు, ఎప్పటిదో. పట్టకారుతో దాన్ని ఊడదీసి, నా రిజిస్టరులో తెల్ల కాగితం మీద పెట్టాడు.

పెద్దమ్మ లేచొచ్చింది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి గీతలు దిద్దిన మనిషి. వెంట్రుక వైపు ఒక్కసారి చూసి, పక్కనే పెన్సిలుతో దాని ఆకారం గీసింది. మూడు చోట్ల వంకర. ఆ కాగితాన్ని తీసుకెళ్లి చివరి ఫొటో పక్కన పెట్టింది. తర్వాత అడ్డంగా తిప్పి వంతెన ఫొటో పక్కన పెట్టింది.

అధికారి రెండూ చూశాడు. “ఈ వెంట్రుక నీడే ప్రతి ఫొటోలోనూ పడింది. కెమెరా నిలువుగా పట్టుకుంటే బీట నిలువుగా,” అన్నాడు. “అడ్డంగా తిప్పితే అడ్డంగా.”

“బీటే లేదు,” అన్నాడు బావ. అధికారి వైపు తిరిగాడు. మళ్లీ అన్నాడు. “బీటే లేదండీ.”

అధికారి కొవ్వొత్తి ఊదేశాడు. లైసెన్సు బావకి తిరిగి ఇచ్చాడు. బావ దాన్ని కవర్లో పెట్టుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. కిటికీలోంచి చూస్తున్న ప్రెసిడెంటమ్మ రోడ్డు వైపు తిరిగి చెయ్యి ఊపింది. పరుపులు ఒక్కొక్కటే పైకి లేచాయి. అక్క లేవలేదు. బావ వచ్చి పరుపు మోస్తాడని కూర్చుంది.

“ఎవరూ కదలొద్దు,” అన్నాడు భూతద్దం.

అందరం ఆగాం. అలవాటు.

“బిల్డింగు బతికింది. కానీ దోషి ఇంకా బయటే ఉన్నాడు. నలభై ఎనిమిది కుటుంబాలని రోడ్డుకీడ్చినవాడు. ఒక ఇంజనీరు ఉద్యోగం తీయబోయినవాడు. ఈ వెంట్రుకే వాణ్ని పట్టిస్తుంది.” కంటికి అద్దం తగిలించుకున్నాడు. “మనిషి వెంట్రుక కాదిది. గుర్రానిది. నల్ల రంగు వేశారు. ఒక కొసన జిగురు. అంటే ఇది పెట్టుడు మీసంలోది. నాటకాల సామాను కొట్లో దొరికే రకం. దోషికి మీసం ఉంది. పెద్దమ్మగారి ప్రయాణానికి ముందు ఈ కెమెరా తెరిచాడు. దగ్గరగా వంగాడు. ఎవరు వాడు?”

నేను నోరు తెరవబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. “చెప్పకు,” అంది. “వాణ్నే రానీ.”

భూతద్దం హాల్లో ఒక్కొక్కరి పైపెదవీ పరీక్షించుకుంటూ వెళ్లాడు. అధికారికి మీసం లేదు. బావది సొంతం, లాగి చూశాడు. చూడ్డానికి లోపలికొచ్చిన ఐదో అంతస్తు ఆయనకి నురగ అడ్డం. నాది కూడా లాగాడు. అలా తిరిగి తిరిగి చివరి ఫొటో ముందుకొచ్చాడు. ఫొటోకి అద్దం ఉంది. ఆ అద్దంలో, పన్నెండంతస్తుల బిల్డింగు మీద, సగం ఊడి వేలాడుతున్న మీసంతో ఒక మొహం కనపడింది.

చెయ్యెత్తి మీసం మిగతా సగం కూడా అతికించుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. నడుచుకుంటూ వచ్చి, వదులు కాలు చూసుకుని, జాగ్రత్తగా కుర్చీ ఎక్కాడు.

అధికారి రిపోర్టు కాగితం తీసి, పెన్ను క్యాపు విప్పాడు. “బాధ్యుల పేరు రాయాలి,” అన్నాడు. “ఎవరిది రాయమంటారు?”

పదకొండు కేసుల ఆకలి మొత్తం అతని మొహంలో కనపడింది. గొంతు సవరించుకున్నాడు. హాలు చివరిదాకా వినపడేలా చెప్పాడు.

“రాసుకోండి. పట్టుకున్నది భూతద్దం. దోషి కూడా భూతద్దమే. మొదటిది పెద్దక్షరాలతో రాయండి.”