బకాయి లేని పట్టణం

గరగరగర... టక్.

ముందుగా వినిపించింది ఆ శబ్దమే. తరువాత ఏటీఎం గది తలుపు తెరుచుకుంది. నోట్లకట్ట కనిపించింది. దాని వెనుక మా పురపాలక సంఘం ఛైర్మన్ గారు కనిపించారు. గది మెట్టునే వేదికగా చేసుకుని, వెంట తెచ్చుకున్న విలేకరి వైపు తిరిగి ప్రకటించారు.

“ఈ క్షణం నుంచి మన పట్టణానికి బకాయి లేదు!”

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఆ యంత్రంలో పెట్టిన క్రెడిట్ కార్డు నాదే మరి.

వీధిదీపాల కరెంటు బిల్లు ఆరు నెలలుగా పేరుకుపోయింది. సంఘానికి కార్డు ఇవ్వరట, మనిషికే ఇస్తారట. ఆ మనిషిగా నన్ను ఎంచుకోవడం ఛైర్మన్ గారి పెద్దమనసు. నేను బిల్లుల విభాగంలో ఏడేళ్లుగా తాత్కాలిక గుమాస్తాను. మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది: నిండుసభలో ఛైర్మన్ గారి నోట ఎవరి పేరు వెలువడితే వారి ఉద్యోగం పర్మనెంటు. నన్ను మాత్రం ఆయన “బిల్లబ్బాయ్” అనే పిలుస్తారు.

అకౌంటెంటమ్మకు మాత్రం ఈ పథకంలోని గొప్పదనం బోధపడలేదు.

“సార్, కార్డుతో వస్తువు కొంటే గడువుంటుంది. నగదు తీస్తే ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ. తీసినందుకు రుసుము వేరే.”

“అంటే మనం నిద్రపోతున్నా అది పనిచేస్తూనే ఉంటుందన్నమాట! మన ఆఫీసులో అలాంటివాడు ఒక్కడైనా ఉన్నాడా అమ్మా?”

“అదంతా ఈ అబ్బాయి పేరున పడుతోంది సార్!”

“పేరుదేముందమ్మా? పట్టణం ముఖ్యం.”

నెల తిరిగింది. కార్డు బిల్లు వచ్చింది. ఛైర్మన్ గారు చలించలేదు. మరో బ్యాంకులో మరో కార్డు తీయించారు. రెండోదానితో మొదటిది కట్టాం. మూడోదానితో రెండోది కట్టి, కట్టిన సందర్భంగా ఆయనకే పూలగుత్తి ఇచ్చాం. నాలుగోదానితో ‘నగదు ప్రవాహ విభాగం’ వెలిసింది: ఒక బోర్డు, ఒక ఫ్యాను, ఒక కుర్చీ, అందులో ఆయన బావమరిది.

పొరుగూరి ఛైర్మన్ మా పద్ధతి అధ్యయనం చేయడానికి వచ్చారు. వెళ్తూ వెళ్తూ నన్ను ఎగాదిగా చూసి, “ఇలాంటివాడు ఇంకొకడు దొరుకుతాడా?” అని ఆశగా అడిగారు.

ఇంట్లో మా ఆవిడది ఒకటే ప్రశ్న.

“ఏమండీ, పేరు పలికారా?”

“నిన్న ‘బి’ దాకా వచ్చారు.”

“మీ పేరు ‘వి’తో కదండీ?”

“వస్తారు. దగ్గరలోనే ఉన్నారు.”

తొమ్మిదో కార్డు నాటికి మా కీర్తి రాజధానికి పాకింది. ‘బకాయి లేని పట్టణం’ షీల్డు ఇవ్వడానికి మంత్రిగారే స్వయంగా బయలుదేరారు. సభకు అద్దె కుర్చీలు తెచ్చినవాడు డబ్బు చేతిలో పడితేగాని దించనన్నాడు. పదో కార్డుతో పరుగెత్తాను.

గర్...

అంతే. యంత్రం కార్డును మింగి మౌనం వహించింది.

సభ నిలబడే జరిగింది. మంత్రిగారు షీల్డు ఎత్తారో లేదో, బ్యాంకు అధికారి ఒకాయన లావుపాటి ఫైలుతో వేదిక ఎక్కి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మైకు దాన్ని ఊరంతటికీ చెప్పింది.

“తొమ్మిది కార్డులండీ. ఒకదాని అప్పు మరోదాని మీదికి తోశారే గాని, కట్టే దిక్కు లేదు.”

మంత్రిగారి చేతిలో షీల్డు ఆగిపోయింది. “ఏమయ్యా, బకాయి లేదన్నావే?”

“సంఘానికి లేదండి,” అన్నారు ఛైర్మన్ గారు, నిండు వినయంతో.

“మరి ఎవరికుంది?”

ఛైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. మైకు దగ్గరకు లాక్కున్నారు. మూడో వరుసలో మా ఆవిడ మునివేళ్లపై లేచింది. నేను చొక్కా సర్దుకున్నాను. అకౌంటెంటమ్మ కళ్లు మూసుకుంది.

ఏడేళ్ల తరువాత, నిండుసభలో, ఇంటిపేరుతో సహా, అక్షరం పొల్లు పోకుండా ఆయన పలికారు:

“చింతలపాటి విరూపాక్షం!”