ఉత్తమ దిక్కుమాలిన బాల్యం

"ప్రతి ఖైదీ లోపలా ఒక పసివాడు ఏడుస్తున్నాడు. వాడి కన్నీళ్ళు ఇకపై ప్రభుత్వమే తుడుస్తుంది!" అని జైళ్ళ మంత్రిగారు ప్రకటించేశారు. తుడవడానికి చిన్న షరతు. తన దిక్కుమాలిన బాల్యాన్ని కెమెరాల ముందు అందరికంటే బాగా చెప్పుకున్నవాడికి మూడు నెలల శిక్ష తగ్గింపు.

ఖైదీ కునుకు ఎగిరి గంతేశాడు. దొంగతనానికెళ్ళిన ఇంట్లో మెత్తటి పరుపు చూసి, ఒక్క నిమిషం నడుం వాల్చి, పోలీసులొచ్చి లేపేదాకా నిద్రపోయిన ఘనచరిత్ర వల్ల వచ్చిన పేరది. తల్లి లేని కూతురు పిల్లల హోమ్‌లో ఉంది. మూడు నెలలు ముందొస్తే, దాన్ని ఎవరికో దత్తత ఇచ్చేలోగా తెచ్చేసుకోవచ్చు.

"నా జన్మలో మొదటిసారి నాకు అర్హత ఉన్న పోస్టు పడిందిరా," అన్నాడు పక్కవాడితో.

రిహార్సల్లో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "మా నాన్న రోజూ బెల్టు తీసేవాడు సార్. ప్యాంటు జారిపోతున్నా కొట్టడం మాత్రం ఆపేవాడు కాదు, పనిమంతుడు. ఊరెళ్తే నన్ను గదిలో పెట్టి తాళం వేసేవాడు. నా చదువంతా ఆ తాళం దగ్గరే!"

జైలు సూపరింటెండెంటుగారు తల పట్టుకున్నారు. "నవ్వుతావేంట్రా? ఏడువు!"

"ఏడిస్తే ఇంకో నాలుగు పడేవి సార్. అలవాటు తప్పిపోయింది."

"ఏడవకపోతే నేను తంతాను!"

"అబ్బ! ఇంట్లో ఉన్నట్టే ఉంది సార్."

సభ రోజు కూతురి మాట దగ్గరికొచ్చేసరికి కునుకు నిజంగానే ఏడ్చేశాడు. "నా పిల్లని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు సార్. కొట్టడానికి దగ్గరుంటేగా!" హాలంతా ముక్కులు చీదింది. కెమెరాలన్నీ వాడి వైపే తిరిగాయి. వాడు కళ్ళు తుడుచుకుని ఖైదీల బల్ల మీద కూలబడ్డాడు.

మంత్రిగారికి కడుపు మండిపోయింది. మైకు లాక్కున్నారు. "బెల్టా? అదీ ఒక దెబ్బేనా? మా నాన్న నన్ను స్తంభానికి కట్టేసి కొట్టాడు! ఆ దెబ్బలే నన్ను మనిషిని చేశాయి, మంత్రిని చేశాయి!"

చప్పట్లు మోగిపోయాయి. కునుకుకి సిగ్గేసింది. మా నాన్న కొట్టడంలోనే ఎక్కడో లోపం ఉండుంటుంది, లేకపోతే ఈపాటికి నేనూ మంత్రినే అనుకున్నాడు.

మంత్రిగారికి ఊపొచ్చింది. "తగ్గింపూ లేదు, గిగ్గింపూ లేదు! పథకం రద్దు!"

కునుకు కళ్ళ ముందు కూతురి మొహం ఆడింది.

మంత్రిగారు సరిగ్గా వాడికేసే వేలు చూపించి గర్జించారు. "చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్ళంతా ఖైదీలే అయ్యేటట్టయితే, మరి నేనెక్కడ కూర్చోవాలిరా?"

పెద్దవాళ్ళు గట్టిగా అడిగితే మాట కాదనడం కునుకుకి చేతకాదు. పాపం, కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు.